రెయిన్‌ఫారెస్ట్ రెస్క్యూ సెంటర్‌కి వాలంటీర్‌గా పోవాలంటే: బోర్నియో, బొలీవియా, వాల్పారై, బెంగళూరు, ఎవరికి ఏది

మా అక్క కొడుకు ఇక్కడే తిరుపతి వెటర్నరీ కాలేజీలో మూడో సంవత్సరం చదవతా ఉన్నాడు. పోయిన నెల ఒక ఆదివారం ఇంటికొచ్చి ఫోన్ నా ముందర పెట్టి "చిన్నమ్మా, బోర్నియోలో ఒరాంగుటాన్ పిల్లలకు సీసాతో పాలు పట్టొచ్చంట, రెండు వారాలేనంట, అడ్వాన్స్ కట్టేయమంటావా" అని అడిగినాడు. ఫోటోలో ఒక అమ్మాయి ఒరాంగుటాన్ పిల్లను చంకనేసుకుని బుగ్గకు బుగ్గ ఆనించి నవ్వతా ఉంది, మాస్క్ లేదు, గ్లౌజులు లేవు. "కట్టొద్దు నాయనా, ముందు ఇట్లా కూర్చో" అన్నా. ఆ రోజు సంగటి చల్లారిపోయేదాకా ఇద్దరం మాట్లాడుకున్నాం. వాడికి చెప్పిందే ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని రాస్తా ఉన్నా, ఎందుకంటే మన తిరుపతి చిత్తూరు పక్కనుంచి ఇట్లాంటి వాటికి పోవాలనుకునే పిల్లలు ఇప్పుడు బాగానే ఉన్నారు గానీ ఎక్కడికి పోతే మంచిదో తెలుగులో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు దొరకడం కష్టం.

నేను మూడు చోట్ల చేసినా. బెంగళూరులో ఒక వన్యప్రాణుల ఆసుపత్రిలో శని ఆదివారాలు, ఐదు నెలలు. తర్వాత దేశం బయట రెస్క్యూ సెంటర్ అని బోర్డు పెట్టుకున్న ఒక చోట పది రోజులు, అది నేను చేసిన తప్పు ఎంపిక, దాని సంగతి కింద చెప్తా. ఆ తర్వాత బోర్నియోలో నాలుగు వారాలు. నేను డాక్టర్‌ని కాదు, స్కూల్లో బయాలజీ చెప్తా, కాబట్టి చదువు లేకుండా పోయే మామూలు మనిషికి ఏం పని దొరుకుతుందో నాకు బాగా తెలుసు.

ముందు ఒక విషయం తేల్చుకోండి. రెస్క్యూ సెంటర్లో జరిగేది జంతువును మచ్చిక చేసుకోవడం కాదు, ఉన్న మచ్చికను వదిలించడం. ఎవరో ఇంట్లో గొలుసేసి పెంచిన కోతి, తల్లిని కాల్చి పిల్లను అమ్మేస్తే దొరికిన పిల్ల, కరెంటు తీగ తగిలి చెయ్యి కాలిన జంతువు, ఇట్లాంటివి వస్తాయి. వచ్చినదాన్ని మొదట కొన్ని వారాలు విడిగా క్వారంటైన్‌లో పెట్టి రక్తం, మలం, టీబీ అన్నీ చూస్తారు, తర్వాత దాని జాతి వాటితో కలుపుతారు, చెట్టెక్కడం, గూడు కట్టుకోవడం, ఏ కాయ తినాలో ఏది తినకూడదో నేర్చుకునేదాకా ఆగుతారు, ఆఖర్న అడవిలోనే ఎన్‌క్లోజర్, అంటే కంచె వేసిన చోటు, కట్టి కొన్నాళ్ళు అందులో ఉంచి ఒక రోజు తలుపు తెరిచి వదిలేస్తారు, అది పోయిన తర్వాత కూడా మెడకు రేడియో కాలర్ పెట్టో వెనకే నడిచో బతికిందా లేదా అని చూస్తా ఉంటారు. అడవిలో ఒరాంగుటాన్ తల్లి ఒక్కో పిల్లను ఏడెనిమిదేళ్ళు తనతోనే తిప్పుకుంటుంది, అన్నేళ్ళ చదువు తల్లి లేకుండా మనుషులు నేర్పించాల్సి వస్తే ఎంత కష్టమో చూడండి. మధ్యలో నేను రెండు వారాలకొచ్చి ఎత్తుకుని ముద్దు చేసి వెళ్ళిపోతే ఆ పిల్లకు ఇంకోసారి తల్లి పోయినట్టే గదా. పాలు తాగే పిల్లలకు మనిషి ఒడి అవసరమే, కాదనను, కానీ ఆ ఒడి ఏళ్ళ తరబడి ఉండే ఇద్దరు ముగ్గురు కీపర్లది అవ్వాల, పదిహేను రోజులకొక కొత్త ముఖం కాదు.

ఇంకోటి రోగాలు. మన జలుబు, మన టీబీ వాటికి అంటుకుంటాయి, మనకు తుమ్ములతో పోయేది వాటికి న్యుమోనియా అవుతుంది. ఐయూసీఎన్ అనే ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్ళు 2021లో కోతిజాతి జంతువుల ఫోటోల గురించి ప్రత్యేకంగా సలహాలు రాసినారు, జంతువును ఎత్తుకున్న ఫోటోలు పెట్టొద్దని, పక్కన మనిషి కనపడితే కనీసం ఏడు మీటర్ల దూరం, మాస్క్ ఉండాలని. అంటే ఒక సెంటర్ తన ప్రకటనలోనే చంకనేసుకున్న ఫోటో పెట్టిందంటే వాళ్ళు ఆ రంగంలో అందరూ ఒప్పుకున్న పద్ధతిని లెక్క చేయట్లేదని అర్థం.

అందుకే నా మొదటి కొలత ఒక్కటే, ఏ సెంటర్ మిమ్మల్ని జంతువుకు దూరంగా ఉంచుతామని ముందే చెప్తుందో అది మంచిది, ఏది దగ్గరికి రానిస్తామని చెప్పి డబ్బు అడుగుతుందో దాన్ని అక్కడికక్కడే కొట్టేయండి. దేశం, ధర, తిండి ఇవన్నీ దాని తర్వాత.

ఇప్పుడు నా తప్పు సంగతి. అది ఒక ఏజెన్సీ ద్వారా బుక్ చేసుకున్నా, పేరు అనవసరం. వెళ్ళిన మొదటి రోజే నా చేతికి ఒక గిబ్బన్ పిల్లను, అంటే తోక లేని చిన్న కోతిజాతి పిల్లను, ఇచ్చినారు. నిజం చెప్పాలంటే ఆ క్షణం కళ్ళల్లో నీళ్ళొచ్చినాయి, వేళ్ళు అంత సన్నగా, నా చుడీదార్ మెడపట్టీని అట్లా గట్టిగా పట్టుకుంది, వదిలించబోతే కీచుమని అరిచింది. మూడో రోజుకు గమనించినా, సాయంత్రం నాలుగైతే టూరిస్టు బస్సు వస్తుంది, అదే పిల్లను ఒకరి చేతినుంచి ఒకరి చేతికి మార్చి ఫోటోలు తీస్తా ఉన్నారు. దీన్ని అడవిలోకి ఎప్పుడు వదుల్తారు అని అడిగితే మేనేజర్ "త్వరలో" అన్నాడు. పోయిన ఏడాది ఎన్నిటిని వదిలినారు అంటే లెక్క లేదు. డాక్టర్ ఎవరు అంటే టౌన్‌లో ఉన్నాడు పిలిస్తే వస్తాడు. కొత్తగా వచ్చిన జంతువు పాతవాటి పక్క బోనులోనే, క్వారంటైన్ లేదు. పిల్లలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి, పెద్దవి ఎక్కడికి పోయినాయో ఎవురూ చెప్పరు. నేను కట్టిన డబ్బుతో నేనే ఆ పిల్లను బోనులో ఉంచినట్టయింది, ఆ బాధ ఇప్పటికీ పోలేదు, దానికోసమే ఇంత గట్టిగా చెప్తా ఉన్నా.

సరే, ఒక్కొక్కటి చూద్దాం.

బోర్నియో మొదట, ఎక్కువమంది అడిగేది అదే కాబట్టి. మలేషియా సబా రాష్ట్రంలో సాండకాన్ ఊరి దగ్గర సెపిలోక్ ఉంది, 1964లో మొదలుపెట్టిన ఒరాంగుటాన్ పునరావాస కేంద్రం, ప్రపంచంలో ఈ పని ముందుగా మొదలుపెట్టిన చోట్లలో ఒకటి, సుమారు 4,300 హెక్టార్ల రిజర్వు అడవి అంచున ఉంటుంది, సబా వన్యప్రాణి శాఖ నడుపుతుంది. ఒరాంగుటాన్ అంటే మలయ్ భాషలో అడవి మనిషి అని అర్థం. దాని పక్కనే 2008లో సన్ బేర్ల కోసం ఇంకో కేంద్రం పెట్టినారు, వోంగ్ సియూ తె అనే మలేషియా శాస్త్రవేత్త మొదలుపెట్టింది. సన్ బేర్ అంటే ఎలుగుల్లో అన్నిటికన్నా చిన్నది, ఛాతీ మీద పసుపు రంగు మచ్చ, నాలుక మాత్రం ఇరవై ఇరవైఐదు సెంటీమీటర్ల దాకా సాగుతుంది, తేనెపట్టులోకి పెట్టడానికి. మనకు అనుకూలం ఏందంటే దూరం మరీ జాస్తి కాదు, తిరుపతి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు మూడు మూడున్నర గంటలు, అక్కడ్నించి కౌలాలంపూర్ నాలుగు గంటల విమానం, ఆడ్నించి సాండకాన్ ఇంకో మూడు గంటల లోపే. తిండి అన్నమే, మలేషియాలో తమిళం మాట్లాడేవాళ్ళు కూడా ఉన్నారు గాబట్టి దారిలో భయపడాల్సిన పని లేదు. వానలు నవంబర్ నుంచి జనవరి ఫిబ్రవరి దాకా గట్టిగా ఉంటాయి, కాలేజీ పిల్లలకు ఎండాకాలం సెలవుల్లో పోవడం సులువు.

అక్కడ నా పని ఏందో చెప్తా, ఫోటోల్లో కనపడదు కాబట్టి. నేను ఉన్న సెంటర్ ఎలుగుబంట్లది. పొద్దున ఏడున్నరకు గమ్‌బూట్లు వేసుకుని క్రిమిసంహారక నీళ్ళ తొట్టిలో ముంచి లోపలికి పోవాలి. బొప్పాయి, చిలగడదుంప, అలసంద కాయలు, అరటి, ఒక్కో ఎలుగుకు ఎంతో తూకం వేసి బుట్టల్లో పెట్టాలి. కీపర్లు జంతువులను బయటి అడవి ఎన్‌క్లోజర్‌లోకి వదిలి తలుపు వేసినాక రాత్రి బోనులు కడగాలి, పైపు, చీపురు, పార, నడుము విరిగిపోతుంది, వాసన గురించి ఇంక చెప్పను. మధ్యాహ్నం వెదురు బొంగులు కోసి అందులో చెనిక్కాయలు, కొంచెం తేనె, ఎండు ఆకులు కుక్కి రెండు పక్కలా మట్టితో మూసేవాళ్ళం, దీన్ని ఎన్‌రిచ్‌మెంట్ అంటారు, తిండి చేతికి దొరికిపోకుండా వెతికి చీల్చుకుని తినాలని. మా అవ్వ ముంగిట్లో చేట పెట్టుకుని చెనిక్కాయలు వలిచినట్టు నేను ఆ షెడ్డులో కూర్చుని గంటలు గంటలు కుక్కినా. ఒక రోజు కీపర్ పిలిచి గోడ సందులోంచి చూడమన్నాడు. ఒక ఎలుగు వెనక్కి కూర్చుని నేను చేసిన బొంగునే కాళ్ళ మధ్య పెట్టుకుని గోళ్ళతో ఒక పక్క మట్టి రాల్చి, నాలుక లోపలికి పోనిచ్చి, తీసి, మళ్ళీ పోనిచ్చి, ఎంత ఓపికగానో, ఆఖరికి పళ్ళతో బొంగు పటుక్కున చీల్చేసింది. నేను అక్కడ ఉన్నట్టు దానికి తెలీదు. నాలుగు వారాల్లో నేను దానికి అంత దగ్గరగా ఉన్నది ఆ పది నిమిషాలే, నాకు అది చాలు, గిబ్బన్ పిల్ల మెడ పట్టుకున్న దానికన్నా అది వందరెట్లు మిన్న.

కాబట్టి బోర్నియోకి పోతే ఒరాంగుటాన్‌తో ఆడుకుంటామని అనుకోవద్దు, కడగడం, కోయడం, కుట్టడం, మేకులు కొట్టడం, టూరిస్టులకు దూరం పాటించమని చెప్పడం, ఇదీ పని. కేంద్రాలు వాలంటీర్లను ఎప్పుడు, ఎంతమందిని తీసుకుంటాయనేది మారతా ఉంటుంది, అందుకని ఏజెన్సీ పేజీ నమ్మకుండా నేరుగా సెంటర్‌కే రాయండి. మనవాళ్ళకు మలేషియాకి 2023 డిసెంబర్ నుంచి వీసా లేకుండా 30 రోజులు పోయే వెసులుబాటు వచ్చింది, కానీ అది చూడ్డానికి పోయేవాళ్ళ కోసం, దాని మీద వాలంటీర్ పని చేయొచ్చా లేదా వేరే పాస్ కావాలా అనేది సెంటర్ వాళ్ళ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

తర్వాత దక్షిణ అమెరికా. బొలీవియాలో ఇంతి వారా యాస్సీ అనే సంస్థ 1992 నుంచి నడస్తా ఉంది, ప్యూమాలు, జాగ్వార్లు, సాలీడు కోతులు, వాళ్ళకు పని నడిచేదే వాలంటీర్ల మీద. అక్కడి పెద్ద పిల్లుల్లో చాలా వరకు సర్కస్‌ల నుంచి, ఇళ్ళనుంచి వచ్చినవి, తిరిగి అడవిలోకి పోలేవు, బతికినన్నాళ్ళు చూసుకోవడమే. ఇక్కడ నా కొలత కొంచెం చిక్కులో పడుతుంది, ఎందుకంటే వాలంటీర్లు ఆ ప్యూమాలను తాడు కట్టి అడవి దారుల్లో నడిపించే పద్ధతి అక్కడ ఉంది, అంటే దగ్గరే ఉంటారు. కానీ వదలలేని జంతువు ఇరవై ఏళ్ళు బోనులోనే తిరిగే బదులు రోజుకు కొన్ని గంటలు అడవిలో నడవడం మేలు అనేది వాళ్ళ వాదన, నేను దాన్ని కొట్టిపారేయను, అది సెల్ఫీ కోసం కాదు గదా. మీరు పోతే మాత్రం రెండు వారాలకు పోవద్దు, ఒక ప్యూమా మీకు అలవాటయ్యే సరికే పది రోజులు పడుతుంది, నెల, కుదిరితే మూడు నెలలు. స్పానిష్ రాకపోతే ఇబ్బంది. టికెట్టే లక్ష దాటుతుంది, రెండు మూడు విమానాలు మారాలి. దోమలు, బురద, కరెంటు లేని రాత్రులు, ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేయాలంటే ఊర్లోకి రావాలి.

ఈక్వడార్‌లో అరహూనో నది ఒడ్డున 1993లో పెట్టిన అమజూనికో ఉంది, పడవ మీదే పోవాలి, అదీ మంచి పేరున్నదే. కోస్టారికా అయితే స్లాత్‌లు, అంటే చెట్లకు వేలాడతా నిదానంగా కదిలే జంతువులు, హౌలర్ కోతులు, ఎక్కువగా కరెంటు తీగలు తగిలి కాలినవి వస్తాయి. అక్కడి ప్రభుత్వమే 2019లో అడవి జంతువులతో సెల్ఫీలు దిగొద్దని ప్రచారం పెట్టింది, అందుకని ఆ దేశంలో ఎవరైనా స్లాత్‌ను చేతికిస్తామంటే ఆ సెంటర్ తన దేశం మాటే వినట్లేదన్నమాట. స్లాత్ తిన్న ఆకు అరగడానికి వారాలు, ఒక్కోసారి నెల కూడా పడుతుంది, వారానికి ఒకసారి మలానికి చెట్టు దిగుతుంది, అట్లాంటి జంతువుకు వైద్యం ఎంత నిదానంగా చేయాలో వెటర్నరీ పిల్లలకు అక్కడ చాలా నేర్చుకునేది ఉంటుంది, మిగతావాళ్ళకు అంత ఖర్చు పెట్టి పోయేంత తేడా నాకు కనపడలేదు.

మన దేశంలోనే రెయిన్‌ఫారెస్ట్ ఉందనేది మనవాళ్ళు మర్చిపోతారు. అరుణాచల్‌లో పక్కే అనే టైగర్ రిజర్వులో 2002 నుంచి ఒక ఎలుగుబంట్ల పునరావాస కేంద్రం ఉంది, అటవీ శాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, ఐఎఫ్ఏడబ్ల్యూ అనే అంతర్జాతీయ జంతు సంక్షేమ సంస్థ కలిసి పెట్టింది. తల్లి చచ్చిపోయిన నల్ల ఎలుగు పిల్లలను అక్కడి కీపర్లు రోజూ అడవిలోకి వెంటబెట్టుకుని నడుస్తారు, పిల్లలు ముందు వెనకే తిరుగుతాయి, నెలలు గడిచే కొద్దీ దూరంగా పోయి తింటాయి, ఒక రోజు రాత్రి తిరిగి రావు, అప్పటికి కాలర్ పెట్టి ఉంటారు. ఆ నడిచేది అక్కడ పుట్టి పెరిగిన మనుషులే, ఊరికే ముఖాలు మారిస్తే మొత్తం పని చెడిపోతుంది, కాబట్టి అట్లాంటి చోట మిమ్మల్ని రావద్దంటే బాధపడొద్దు, అది మంచి గుర్తు. వెటర్నరీ ఇంటర్న్‌షిప్ లాంటిది ఉందా అని మాత్రం అడగొచ్చు, అరుణాచల్‌కి మన ఇండియన్లకు కూడా ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే రాష్ట్రంలోకి పోవడానికి ముందస్తు అనుమతి, కావాలి.

కర్ణాటకలో ఆగుంబె, రాములస్ విటేకర్ 2005లో పెట్టిన పరిశోధనా కేంద్రం, రాచనాగుల మీద పని. అది ఆసుపత్రి కాదు, ఇంట్లోకి దూరిన రాచనాగును జాగ్రత్తగా పట్టి దగ్గర్లోనే వదలడం, ఊరివాళ్ళకు నచ్చచెప్పడం, రేడియో పెట్టి అది ఎటు పోతుందో చూడ్డం. ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లు దాటి వాన, మన తిరుపతిలో వెయ్యి అటూఇటూ అని గుర్తు పెట్టుకోండి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బట్టలు ఆరవు, జలగలు సాక్సులోకి కూడా దూరతాయి. పాము అంటే ఇష్టం ఉండి, నోట్‌బుక్‌లో రోజంతా రాసుకునే ఓపిక ఉంటే పోండి.

వాల్పారై గురించి కొంచెం జాస్తి చెప్తా, ఎందుకంటే చిత్తూరు జిల్లావాళ్ళకు ఇది అన్నిటికన్నా పనికొస్తుందని నా నమ్మకం. కోయంబత్తూరు దాకా రైలు, పొల్లాచ్చి, అక్కడ్నించి ఆళియార్ దాటి నలభై హెయిర్‌పిన్ మలుపులు ఎక్కితే టీ తోటలు, మధ్యమధ్యలో తుంపులు తుంపులుగా మిగిలిన రెయిన్‌ఫారెస్ట్, అందులో సింహం తోక కోతులు. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ళు ఏళ్ళుగా అక్కడ స్థానిక చెట్ల నర్సరీ పెంచి చెడిపోయిన అడవి తుంపులను మళ్ళీ నాటతా ఉన్నారు, కోతులు రోడ్డు మీదకు దిగకుండా చెట్టు నుంచి చెట్టుకు తాళ్ళ వంతెనలు కట్టినారు, ఏనుగులు ఏ తోట దగ్గరున్నాయో ఊరివాళ్ళ ఫోన్లకు ముందే మెసేజ్ పోయే ఏర్పాటు, ఏనుగు దగ్గర్లో ఉందని హెచ్చరించే ఎర్ర లైట్లు, ఇవన్నీ అక్కడ నడస్తా ఉన్నాయి. ఇది రెస్క్యూ సెంటర్ కాదు గదా అంటారు, నిజమే. కానీ జంతువు దెబ్బ తగిలి సెంటర్‌కి రాకుండా ఆపేది ఇదే. మన పలమనేరు, కుప్పం పక్క కౌండిన్య అభయారణ్యం 1990 నుంచి ఉంది, ఏనుగులు మామిడి తోటల్లో పడటం, కరెంటు కంచె తగిలి చావడం, రైతు చావడం, ఇది మనకు కొత్త కాదు, మా నాయన వాళ్ళ ఊర్లో రాత్రిళ్ళు టపాకాయలు పట్టుకుని మామిడి కావలి ఉండేవాళ్ళను నేను చూసినా. వాల్పారైలో నెల రోజులు చూసి నేర్చుకున్నది పలమనేరులో పనికొస్తుంది, బోర్నియోలో నేర్చుకున్నది అంత సూటిగా పనికిరాదు. వాలంటీర్లను, ఇంటర్న్‌లను ఏ నెలల్లో తీసుకుంటారో వాళ్ళకే రాసి కనుక్కోండి.

ఇంక రెయిన్‌ఫారెస్ట్ కాకపోయినా దగ్గర్లో ఉన్నవి. బెంగళూరులో పీపుల్ ఫర్ యానిమల్స్ వాళ్ళ వన్యప్రాణి ఆసుపత్రి ఉంది, బన్నేరుఘట్టలో వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ వాళ్ళ ఎలుగుబంట్ల కేంద్రం ఉంది, మన దేశంలో ఆడించే ఎలుగులను వీధుల్లోంచి పూర్తిగా తప్పించింది వాళ్ళే, ఆఖరి ఎలుగు 2009లో వచ్చింది. వాళ్ళకు ఆగ్రాలో ఎలుగుల కేంద్రం, మథురలో ఏనుగుల కేంద్రం కూడా ఉన్నాయి. మన తిరుపతి ఎస్వీ జూపార్కులోనే, 1987లో పెట్టిన జూ అది, సర్కస్‌లో సింహాలు పులులు ఆడించడాన్ని 1998లో నిషేధించిన తర్వాత వాటి కోసం దేశంలో పెట్టిన రెస్క్యూ సెంటర్లలో ఒకటి ఉంది. అది జనం చూడ్డానికి పెట్టింది కాదు, ఊరికే పోయి వాలంటీర్ చేస్తామంటే రానివ్వరు, వెటర్నరీ పిల్లలు కాలేజీ ద్వారా అడగాలి.

నా బెంగళూరు ఐదు నెలలు లేకపోతే బోర్నియోలో నేను వారం కూడా నిలబడేదాన్ని కాదు. గాలిపటం మాంజా రెక్కకు చుట్టుకున్న గద్దలు, ఇంట్లో లక్ష్మి అని తొట్టిలో పెట్టుకున్న నక్షత్ర తాబేళ్ళు, అవి మన చిత్తూరు అనంతపురం బీళ్ళలోవే, పట్టి అమ్మడం పెంచడం 1972 చట్టం ప్రకారం నేరమని చాలామందికి తెలీదు, చిట్టెలుకలు కోసి గుడ్లగూబలకు పెట్టడం, ఇవన్నీ అక్కడే నేర్చుకున్నా. మా ఇంట్లో మాంసం ముట్టరు. మొదటి శనివారం కోడి తలలున్న బకెట్ నా ముందర పెట్టినప్పుడు చేతులు వణికినాయి, రెండో నెలకు అలవాటైంది. మీకు అలవాటు అవుతుందా లేదా అనేది విమానం టికెట్ కొనకముందే తెలుసుకోండి, ఇంట్లో పెద్దవాళ్ళతో కూడా ముందే మాట్లాడుకోండి.

ఆరోగ్యం విషయంలో ఎవరి మాటా వినకుండా ముందుగా డాక్టర్ దగ్గరికి పోండి. రేబిస్ టీకా కరవకముందే వేయించుకునేది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సలహా ప్రకారం రెండు డోసులు, మొదటిది వేసిన ఏడు రోజులకు రెండోది. అది వేసుకున్నా కరిస్తే మళ్ళీ రెండు డోసులు వేయించుకోవాలి, వేసుకున్నాం గదా అని ఊరుకోకూడదు. టీటీ, హెపటైటిస్ సరేసరి. టీబీ పరీక్ష మంచి సెంటర్ వాళ్ళే అడుగుతారు, అడగకపోతే అనుమానించండి. బొలీవియా, ఈక్వడార్ పోయి వస్తే మన దేశంలో దిగేటప్పుడు ఎల్లో ఫీవర్ కార్డు చూపించాలి, టీకా వేసిన పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు, మనకు దగ్గర చెన్నై గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. సబాలో కోతుల నుంచి మనుషులకు వచ్చే ఒక రకం మలేరియా ఉంది, దోమతెర, ఫుల్ చేతుల చొక్కా తప్పదు. కర్ణాటక మలెనాడులో పిడుదుల వల్ల వచ్చే క్యాసనూరు జ్వరం ఉంది, శివమొగ్గ పక్కే 1957లో మొదట బయటపడింది. బోనులు కడిగేటప్పుడు కాళ్ళకు పుండ్లుంటే జంతువుల మూత్రం నుంచి అంటే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావొచ్చు, గమ్‌బూట్లు తీయొద్దు.

డబ్బు గురించి రెండు మాటలు. వాలంటీర్ అయినా డబ్బు కట్టించుకోవడం తప్పేం కాదు, మన తిండి, మన గది, మనకు పని నేర్పించే మనిషి టైం, ఇదంతా వాళ్ళకు ఖర్చే, మిగిలింది జంతువులకు పోతుంది. కానీ ఏజెన్సీ మధ్యలో ఉంటే కట్టిన దాంట్లో సెంటర్‌కి ఎంత పోతుందో అడగండి, నోరు మెదపకపోతే వదిలేయండి. జంతు ఆశ్రయాలను పరిశీలించే గ్లోబల్ ఫెడరేషన్ ఆఫ్ యానిమల్ శాంక్చురీస్ అనే సంస్థ గుర్తింపు ఉంటే కొంచెం భరోసా, అది లేనంత మాత్రాన చెడ్డదని కాదు, చిన్న సెంటర్లు ఆ కాగితాలకు పోలేవు.

మరి ఎవరు ఎక్కడికి? ఐటీ ఉద్యోగం, ఏడాదికి రెండు వారాలే సెలవు అంటే దేశం దాటి పోవద్దు, బెంగళూరులో శని ఆదివారాలు ఆరు నెలలు చేయండి, జంతువుకు మీ రెండు వారాలకన్నా అదే మేలు. డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కునే లోపల నెల రెండు నెలలు ఖాళీ ఉంటే బోర్నియో, ముందు ఎక్కడైనా బకెట్ మోసి ఉండాలి. ఎకాలజీ చదివేవాళ్ళు, రైతు కుటుంబం పిల్లలు వాల్పారై. మూడు నెలలు పైన టైం, గట్టి గుండె, ఎవరి మీదా ఆధారపడని డబ్బు ఉంటే బొలీవియా. యాభై దాటి రిటైర్ అయినవాళ్ళు కూడా అడుగుతా ఉంటారు, బోర్నియో బోనులు కడగడం మోకాళ్ళకు కష్టం గానీ తిండి కోసే షెడ్డులో, నర్సరీలో మీలాంటి నిదానమైన చేతులే కావాలి, నాతోపాటు అరవై దాటిన ఒకావిడ ఉండేది, మా అందరికన్నా ముందే వచ్చేది. వెటర్నరీ పిల్లలైతే ల్యాబ్ పని, పోస్ట్‌మార్టం, మలం పరీక్షలు నేర్పించే చోటే చూసుకోండి, ఎత్తుకునే చోటు కాదు.

మావాడు ఆ అడ్వాన్స్ కట్టలేదు. నా పక్కన కూర్చునే మూడు సెంటర్లకు మెయిల్ రాసినాడు, ఐదు ప్రశ్నలు: పోయిన ఏడాది ఎన్ని జంతువులు వచ్చినాయి, ఎన్నిటిని వదిలినారు, వదిలినవి బతికినాయని ఎట్లా తెలుసుకుంటారు, డాక్టర్ అక్కడే ఉంటాడా, వదలలేని వాటిని ఏం చేస్తారు. ఒక చోట నుంచి జవాబే రాలేదు. ఇంకో చోట నుంచి మళ్ళీ అదే ఫోటో, డిస్కౌంట్ ఇస్తామని. మూడో చోటు నుంచి తొమ్మిది రోజుల తర్వాత ఒక డాక్టరమ్మ రాసింది, అంకెలు ఇచ్చింది, చచ్చిపోయినవి ఎన్నో కూడా దాచకుండా చెప్పింది, కనీసం ఆరు వారాలు ఉండాలి, టీబీ రిపోర్టు పంపాలి, మైక్రోస్కోప్ ముందర కూర్చునే పని, జంతువును తాకడం ఉండదు అని. "చిన్నమ్మా, తాకడం ఉండదంట" అని నా వైపు చూసినాడు. మరి ఏం చేస్తావు అన్నా. మరుసటి రోజు పొద్దున రుయా ఆసుపత్రికి టీబీ పరీక్ష గురించి కనుక్కోడానికి పోయినాడు.